నందికొండకు వచ్చు అతిథి – మన పంచాయతీ

(గ్రామ పంచాయతీ సభ్యుల నుద్దేశించి చేసిన ప్రసంగ పాఠము)



వానకాలమున కృష్ణకు వరద వచ్చి నాగార్జునసాగరు గేట్లు ఎత్తినారను వార్త వినబడినంతనే, హైదరాబాదు నుండియు, నల్లగొండ, మిర్యాలగూడ, దేవరకొండల నుండియు జనము తండోపతండములుగా నందికొండకు బయలుదేరుదురు. వచ్చినవారు ఆనకట్టను చూతురు, ఫోటోలు తీసికొందురు, చేపల కూరతో భోజనము చేయుదురు, ప్రొద్దు వాలకముందే వెడలిపోవుదురు. వారు పోయిన పిదప మన ఊళ్ల ప్రక్కన మిగులునది ఖాళీ సీసాలును, చిరిగిన విస్తళ్లును మాత్రమే యైనచో, ఈ రాకపోకల వలన వారికి గాని మనకు గాని కలిగిన మేలేమి? నందికొండ పరిసరములలో చూడదగినవి యేవి, వాని యెడ పంచాయతీల కర్తవ్య మేమి యను రెండు విషయములను గూర్చి నేడు మీతో ముచ్చటింపదలచినాము.

నందికొండ 2018లో పురపాలక సంఘ మైనది. కాని దానిని చుట్టియున్న పెద్దవూర, తిరుమలగిరి, చందంపేట, నేరేడుగొమ్ము మండలముల ఊళ్లును తండాలును గ్రామ పంచాయతీలే. అతిథి త్రోవ మన ఊళ్ల మీదుగనే పోవును. కావున ఈ మాట మనకు సంబంధించినదే.

ఆనకట్ట

మొట్టమొదట చెప్పవలసినది ఆనకట్టను గూర్చియే. ఈ నిర్మాణమును తొలుత నందికొండ ప్రాజెక్టనియే వ్యవహరించెడివారు. 1952లో ఖోస్లా సంఘము ఈ స్థలమును పరిశీలించి అనుకూలమని నివేదించినది. 1955 డిసెంబరు 10వ తేదీన ప్రధానమంత్రి శ్రీ జవహర్‌లాల్ నెహ్రూ శంకుస్థాపన గావించిరి. 1967 ఆగస్టు 4వ తేదీన శ్రీమతి ఇందిరాగాంధీ కాలువలకు నీరు విడుదల చేసిరి. ఎడమ కాలువకు లాల్ బహదూరు పేరు, కుడి కాలువకు జవహరు పేరు పెట్టినారు. రెండు కాలువల క్రింద సాగుకు నిర్దేశించిన భూమి సుమారు 22 లక్షల ఎకరములు.

అతిథి సాధారణముగా 26 గేట్లను లెక్కించి సంతోషించును. అతనికి మనము చూపవలసినది మరొకటి కలదు. ఈ ఆనకట్ట ప్రధానభాగము రాతి కట్టడము. సుమారు 400 అడుగుల యెత్తున నదికి అడ్డముగా నిలిచిన యీ గోడలోని రాయి వేలాది కూలీల చేతుల మీదుగా పోయినది. రాళ్లు కొట్టిన ఒడ్డెర కుటుంబములు, మోసిన స్త్రీ పురుషులు మన జిల్లాలవారును, పొరుగు జిల్లాలవారును. ప్రపంచమున రాతితో గట్టిన మిక్కిలి పెద్ద ఆనకట్టలలో ఇది యొకటి యని చెప్పునపుడు, ఆ చేతులను గూర్చి కూడ ఒక మాట చెప్పుట మన ధర్మము.

మరియొక సంగతి. హైదరాబాదు నుండి వచ్చు అతిథి ఈ జలాశయమును క్రొత్తగా చూచుచున్నానని తలచును గాని, దాని నీటిని అతడు తన యింట త్రాగుచునే యుండవచ్చును. పుట్టంగండి వద్ద ఎత్తిన కృష్ణనీరు అక్కంపల్లి జలాశయమునకు చేరి, కోదండాపురమున శుద్ధియై నగరమునకు పోవుచున్నది. ఈ మాట తెలిసినవాడు ఈ ఒడ్డున సీసా పారవేయుటకు సందేహించును. చెప్పవలసినవారము మనమే.

జలగర్భమున నగరము

ఆనకట్టకు ఎగువన కనుపించు నీటి క్రింద ఒక రాజధాని యున్నది. క్రీస్తు శకము మూడవ, నాలుగవ శతాబ్దములలో ఇక్ష్వాకు రాజులు విజయపురి యను నగరము నుండి పాలించిరి. శాంతమూలుడు, వీరపురుషదత్తుడు, ఎహువల శాంతమూలుడు మొదలగువారు ఆ వంశపు రాజులు. రాజులు వైదిక యజ్ఞములు చేసిరి. అంతఃపుర స్త్రీలు బౌద్ధవిహారములను పోషించిరి. మహాచైత్యమును నిలిపిన శాంతిశ్రీ శాంతమూలుని సోదరి. ఒకే లోయలో చైత్యములు, దేవాలయములు, స్నానఘట్టములు, నాలుగు వైపుల మెట్ల వరుసలు గల ప్రదర్శనశాల యుండెను. పదునేడు వందల ఏండ్ల క్రిందట వేర్వేరు మతములవారు ఇరుగుపొరుగుగా బ్రదికిన తీరు ఆ రాళ్లపై వ్రాసియున్నది.

ఆనకట్ట వలన ఈ లోయ మునుగునని తెలిసిన పిదప, 1954 మొదలు 1960 వరకు డాక్టరు ఆర్. సుబ్రహ్మణ్యం ఆధ్వర్యమున భారత పురావస్తు శాఖ విస్తారముగ త్రవ్వకములు జరిపినది. నూటికి పైగా స్థలములను పరిశోధించిరి. రాతియుగపు పనిముట్లు మొదలు మధ్యయుగపు కోట వరకు మానవుని జాడలు ఆ లోయలో బయల్పడినవి. ముఖ్యమైన తొమ్మిది కట్టడములను రాయి రాయిగా విప్పి కొండ శిఖరమునకు చేర్చి తిరిగి నిలిపినారు. ఆ కొండయే నేడు నీటి నడుమ ద్వీపమైన నాగార్జునకొండ. దానిపై 1966లో ప్రదర్శనశాల నెలకొల్పినారు. ప్రదర్శన రంగస్థలము, హారీతి ఆలయము మున్నగువానిని కుడి ఒడ్డున అనుపు వద్ద పునర్నిర్మించినారు. కొండకు లాంచీపై పోవు అతిథి తాను ఒక నగరపు వీథులకు పైగా పయనించుచున్నానని యెరిగిన, ఆ ప్రయాణపు విలువ పదిరెట్లగును.

2014లో రాష్ట్ర విభజన జరిగిన పిమ్మట ఎడమ ఒడ్డు తెలంగాణమునను, కుడి ఒడ్డును కొండయు ఆంధ్రప్రదేశమునను ఉన్నవి. హద్దు కాగితముపై నున్నను చరిత్ర ఒక్కటియే. అతిథికి దారి చెప్పునపుడు ఆ ఒడ్డు మాది కాదనుట మర్యాద గాదు.

పూర్వపు అతిథులు, నేటి అతిథులు

అతిథులు నందికొండకు క్రొత్తవారు కారు. బోధిశ్రీ యను ఉపాసిక శాసనమున సింహళ విహారము ప్రస్తావింపబడినది. అనగా సముద్రము దాటి వచ్చిన భిక్షువులకు ఈ లోయలో వసతి యుండెను. ఆ సంబంధము నేడును తెగలేదు. 2022 మే 14వ తేదీన ప్రారంభమైన బుద్ధవనమును చూడుడు. ఎడమ ఒడ్డున 274 ఎకరములలో తీర్చిన ఈ వనమున అమరావతి స్తూపము ననుసరించి మహాస్తూపమును నిర్మించినారు. బుద్ధుని జీవిత ఘట్టములు, జాతక కథలు శిల్పములుగా వెలసినవి. శ్రీలంకలోని అవుకన బుద్ధవిగ్రహమునకు ప్రతిరూపమైన 27 అడుగుల విగ్రహము ఆ దేశమునుండియే కానుకగా వచ్చినది. నాడు సింహళ భిక్షువు నిలిచిన తావునకు చేరువనే నేడు సింహళ విగ్రహము నిలిచియున్నది.

నీరు, అడవి, కొండ

ప్రకృతిని కోరువారికి కొరత లేదు. ఆనకట్టకు పది పన్నెండు కిలోమీటర్ల దూరమున మాచర్ల త్రోవలో చంద్రవంక వాగు సుమారు 70 అడుగుల ఎత్తు నుండి దుముకును. అది ఎత్తిపోతల. అచట మొసళ్ల సంరక్షణ కేంద్రము కలదు. ఎడమ ఒడ్డున జలాశయపు వెనుకనీరు చందంపేట, నేరేడుగొమ్ము కొండల నడుమకు చొచ్చుకొని పోయినది. విశాఖపట్టణపు వైపు నుండి చేపల వేటకు వచ్చి నిలిచినవారి పేర వెలసిన వైజాగ్ కాలనీకి నేడు పడవ షికారునకును చేపల రుచికిని జనము వచ్చుచున్నారు. ఆవలి దిక్కున నల్లమల అడవి, అమ్రాబాదు పులుల సంరక్షణ ప్రాంతము, చెంచుల పెంటలు ఉన్నవి. దేవరకొండకు పోయిన రేచర్ల పద్మనాయకుల కోట కలదు. రెండు దినములు నిలువదగిన అతిథిని మనము రెండు గంటలలో త్రిప్పి పంపుచున్నాము.

అయితే ఈ నీరు అందమైనదే కాదు, ప్రమాదకరమైనది కూడ. విద్యుత్తు కొరకు నీరు వదలినపుడు దిగువన మట్టము హఠాత్తుగా పెరుగును. వెనుకనీటిలో లోతు తెలియదు. కృష్ణలో మొసళ్లు కలవు. నీటిపై ఈత నేర్చిన ఊరివారే దిగని తావున, ఊరు తెలియని బాలుడు దిగుచున్నాడు. ఏ రేవు మంచిది, ఏది కాదో మనకు తెలిసియుండి చెప్పకుండుట దోషము.

ఒక బడిపంతులు చేసిన పని

విజయపురి ఎట్లు వెలుగులోనికి వచ్చినది? శ్రీ సూరపరాజు వెంకటరామయ్య యను స్థానిక ఉపాధ్యాయుడు ఆ లోయలో ఒక పురాతన స్తంభమును చూచి, దాని సంగతి మదరాసు ప్రభుత్వమునకు తెలియజేసిరి. 1926లో శాసన పరిశోధక శాఖ ఉద్యోగి వచ్చి చూచినారు. 1927 నుండి 1931 వరకు లాంగ్‌హర్స్ట్ దొర త్రవ్వించగా స్తూపములు, విహారములు బయల్పడినవి. మహాచైత్యమున బంగారు భరిణెలో అస్థిధాతువు దొరికినది. ఆ స్తంభమును అంతకుముందు పశువుల కాపరులు, రైతులు ఎందరో చూచియుందురు. చూచి, ఇది ఏమై యుండునని యడిగి, అధికారులకు తెలిపినవాడు ఒక బడిపంతులు. ముప్పదియేండ్లు ఆలస్యమై యుండిన, ఆ రాయి నీటి పాలై యుండెడిది.

ఈ కథ మనకేల? మన పొలములలో నేడును రాళ్లు వరుసగా గుండ్రముగా పాతియున్నవి. వానిని రాక్షసగుళ్లందురు. అవి లోహయుగపు సమాధులు. ట్రాక్టరు వచ్చినది, యంత్రము వచ్చినది, ఒక్క పగటిలో ఆ వరుస చదునగును. వీరగల్లులు వాకిలి మెట్లగుచున్నవి. శాసనపు బండలు కంకరగా మారుచున్నవి. నిక్షేపముల చట్టము 1878 నుండియు అమలులోనున్నది. భూమిలో నిధి దొరికినపుడు కలెక్టరునకు తెలుపవలెను. రక్షిత కట్టడము చుట్టును నూరు మీటర్ల వరకు క్రొత్త నిర్మాణములు నిషిద్ధములు. ఈ నియమములు తెలిసియుండవలసినది మొదట పంచాయతీ సభ్యుడు.

నీట మునిగిన ఊళ్లు

నీట మునిగినది విజయపురి యొక్కటియే కాదు. జలాశయమున యాభైకి పైగా గ్రామములు మునిగినవి. ఎడమ ఒడ్డున ఏలేశ్వరము వంటి పురాతన స్థలమును ముందే పరిశోధించి వ్రాసియుంచినారు. కాని ఊరి చావిడిని, చింతతోపును, బావిగట్టును ఎవరు వ్రాసినారు? ఒకనాడు మేము ఒడ్డున టీ త్రాగుచు ప్రక్కనున్న వృద్ధుని, మీదే ఊరని యడిగితిమి. ఆయన నీటివైపు చేయి చాచి, “మా ఊరా సారూ? అగో, ఆ నీళ్లల్లనే ఉన్నది” అనెను. అచట చేరిన నలుగురు అతిథులు ఫోటోలు తీయుట మాని, ఆయన చుట్టును కూర్చుండిరి. ఆ యరగంటలో ఆయన చెప్పిన సంగతి ఏ ప్రదర్శనశాలలోను లేదు.

1967లో పదేండ్ల బాలుడై యున్నవాడు నేడు డెబ్బదికి చేరువైనాడు. ఆ ఊళ్లను పెద్దవారై చూచినవారు ఇంక కొద్దిమంది. రాళ్లను కాపాడుటకు అధికారులు వచ్చిరి. ఈ జ్ఞాపకమును కాపాడుటకు ఎవరును బయటి నుండి రారు. స్తంభమును చూచిన పంతులు నాడు చేసినది నేడు మనము చేయవలసియున్నది.

పంచాయతీ చేయదగిన పనులు

పెద్ద నిధులు లేకయే ఆరంభింపదగిన పనులు కొన్ని మనవి చేయుచున్నాము.

ఒకటి: పంచాయతీ కార్యాలయమున ఒక దస్తరము పెట్టుడు. ఊరిలోని పాత గుడి, శాసనము, వీరగల్లు, రాక్షసగుళ్లు ఎచట నున్నవో సర్వే నెంబరుతో వ్రాయుడు. పురావస్తు శాఖకు ఒక ప్రతి పంపుడు.

రెండు: మునిగిన ఊళ్లనుండి వచ్చిన కుటుంబములు మీ ఊరిలోనున్న, పెద్దల మాటలను బడిపిల్లలచేత వ్రాయించుడు. ఊరి పేరు, వీథులు, జాతర, పంట, విడిచి వచ్చిన దినము – ఇవన్నియు వ్రాయదగినవి.

మూడు: ప్రమాదకరమగు రేవులవద్ద పెద్ద అక్షరముల బోర్డు నిలుపుడు. వరద దినములలో జాలరి యువకులను కాపలా యుంచుడు.

నాలుగు: చెత్తకు కుండీలు, స్త్రీలకు మరుగుదొడ్లు, త్రాగుటకు మంచినీరు – ఈ మూడు లేని చోట ఎంత గొప్ప శిల్పమున్నను అతిథి మరల రాడు.

ఐదు: వచ్చు ఆదాయము ఊరిలో నిలుచునట్లు చూడుడు. స్వయం సహాయక సంఘముల సోదరీమణులు భోజనము పెట్టవచ్చును. చదివిన యువకులు దారి చూపి కథ చెప్పవచ్చును. చెంచుల పెంటలకును, లంబాడీ తండాలకును పోవునపుడు మాత్రము అచటివారి అనుమతియు మర్యాదయు ముందు. మనుష్యులు చూపుడు బొమ్మలు కారు.

ఈ విషయములను రాబోవు గ్రామసభలో చర్చకు పెట్టుడని కోరుచున్నాము. తొలి పనిగా ఆ దస్తరమును తెరచి, మొదటి పుటలో మీ ఊరిలో అందరికంటె వయసు మీరిన వ్యక్తి చెప్పిన మాటను వ్రాయుడు. నందికొండకు అతిథులు వచ్చుచునే యుందురు. వారికి నీటిని ఆనకట్ట చూపును, శిల్పమును ప్రదర్శనశాల చూపును. ఊరిని చూపవలసినవారము మనము.