న్యాయస్థానము గ్రంథాలయమైన విధము

(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేయబడిన ప్రసంగ పాఠము)



పట్టణము నడిబొడ్డున నొక పెద్ద కట్టడము పాడువడియుండుట చాలచోట్ల కానవచ్చు దృశ్యము. ఒకనాడు అది కచ్చేరియో, సత్రమో, ధాన్యపు గిడ్డంగియో అయియుండును. పని పోయినది, మనుష్యులు పోయిరి, గోడల బీటలలో రావి మొక్కలు మొలచినవి. అప్పుడు ఊరిలో రెండు పక్షము లేర్పడును. పడగొట్టి స్థలము నమ్మినచో ధనము వచ్చునని యొక పక్షము. పూర్వుల కట్టడమును తాకరాదని మఱియొక పక్షము. ఈ రెండును వాదించుకొనుచుండగా వాన తన పని తాను చేసికొనిపోవును. పైకప్పు కూలును; దానితో వాదమును ముగియును. ఈ కట్టడము ఇక నేమి పనికి వచ్చునను మూడవ ప్రశ్న వేయువారు అరుదు. ఆ ప్రశ్న వేసి సమాధానము సాధించినవారి చరిత్ర యొకటి న్యూయార్కు నగరమున కలదు. ఆ సమాధానము గ్రంథాలయమే యగుటచేత ఈ రజతోత్సవమున దానిని స్మరించుట సముచితము.

న్యూయార్కు నగరములో గ్రీనిచ్ విలేజ్ అను పేట యున్నది. పేరునుబట్టియే తెలియుచున్నట్లు అది యొకనాడు నగరమునకు వెలుపలనున్న పల్లె. నగరము పెరిగి పల్లెను తనలో కలుపుకొన్నను పేరు మాత్రము మాసిపోలేదు. 1830ల దశకమున అచ్చట నొక అంగడి వెలసినది. అమెరికా మూడవ అధ్యక్షుడైన థామస్ జెఫర్సన్ పేరిట దానిని జెఫర్సన్ మార్కెట్టు అనిరి. ఎచ్చటనైన నిప్పంటుకొన్నచో చూచి గంట మ్రోగించుటకై అచ్చటనే యొక కొయ్య గోపురము నుండెడిది.

ఆ స్థలమున 1874 మొదలు 1877 వరకు నగరమువారు న్యాయస్థాన భవనమును కట్టించిరి. దాని రూపకర్తలు ఫ్రెడరిక్ క్లార్క్ విదర్స్, కాల్వర్ట్ వాక్స్ అనువారలు. ఇరువురును ఇంగ్లండున పుట్టి అమెరికాలో స్థిరపడినవారు. న్యూయార్కులోని సెంట్రల్ పార్కును ఆల్మ్‌స్టెడ్‌తో కలసి రూపొందించినవాడు ఈ వాక్సే. ఎఱ్ఱని యిటుకల నడుమ తెల్లరాతి పట్టీలు, కోసుగా లేచిన కప్పులు, రంగుటద్దముల కిటికీలు, మూలను గడియారపు గోపురము, గోపురము లోపల చుట్టుమెట్లు: ఇవి దాని సొంపులు. కొయ్య గోపురము చేసిన కావలి పనిని ఈ కొత్త గోపురము స్వీకరించినది. 1885లో అమెరికాలోని వాస్తుశిల్పుల అభిప్రాయములు సేకరింపగా దేశమునందలి అత్యంత సుందర భవనములలో దీనికి అయిదవ స్థానము లభించినది.

సౌందర్యము కలదని కట్టడమునకు ఆయువు కలుగునను నియమము లేదు. నేల అంతస్తున పోలీసు న్యాయస్థానము, పై అంతస్తున సివిలు న్యాయస్థానము నడచినవి. ఇటుక కమానులతో కట్టిన నేలమాళిగలో, విచారణకై తెచ్చిన బందీలను ఉంచెడివారు. 1945లో న్యాయస్థానములు అచ్చటినుండి తరలిపోయినవి. పిమ్మట కొన్ని నగర కార్యాలయములు వచ్చి పోయినవి. క్రమముగా భవనము ఖాళీపడినది. పావురములు చేరినవి. గడియారము నిలిచిపోయినది. 1959 నాటికి నగరపాలకులు దానిని వదలించుకొన నిశ్చయించిరి. భవనమును పడగొట్టి ఆ చోట నివాసగృహముల సౌధము లేపుటకు అవకాశ మేర్పడినది. పురాతన కట్టడములను కాపాడు శాసనము న్యూయార్కున ఆనాటికి లేదు. అది 1965లో గాని రాలేదు. కనుక న్యాయస్థాన భవనమును కాపాడుటకు న్యాయస్థానమున కెక్కుటకును దారి లేకుండెను.

ఆ సమయమున మార్గో గేల్ అను నామె ముందునకు వచ్చినది. ఆమె చేసిన మొదటి పని యోచింపదగినది. భవనమునంతటిని రక్షింపుడని ఆమె మొదటనే కోరలేదు. అట్లడిగినచో ఖర్చెంత, ఎవరు భరింతురు, దేనికొఱకు అను ప్రశ్నలు వచ్చి మాట అంతటితో ఆగియుండును. నిలిచిపోయిన గడియారమును నడిపింపుడని మాత్రమే కోరినది. అందులకై పేటవారితో నొక సంఘమును కూర్చి, దానికి ఆ గడియారము పేరే పెట్టినది. సంతకములు సేకరించిరి, చందాలు వసూలు చేసిరి. పనికి పోవువాడును, బడికి పోవు బిడ్డయు తలయెత్తి చూచు గడియారము నడవవలెననుటకు ఎవరికిని అభ్యంతర ముండదు. కాని నడచు గడియారమును మోయు గోపురమును పడగొట్టుట ఎవరికిని సులభము కాదు. చిన్న కోరికలో పెద్ద కోరిక యిమిడియున్నది.

ఆ వీథికి ఆవలి ప్రక్కనే పాచిన్ ప్లేస్ అను సందులో కవి కమింగ్స్ నివసించుచుండెను. ఆయనయు, నగర నిర్మాణముపై ప్రసిద్ధ గ్రంథములు వ్రాసిన లూయీ మమ్‌ఫర్డును ఈ యత్నమునకు బాసటయైరి. అయినను పెద్దల పేర్లతో కప్పు నిలువదు. దీనిని నిలిపి యేమి చేయుదురు అను ప్రశ్నకు సమాధానము కావలసియుండెను. ఆ పేటకు విశాలమైన గ్రంథాలయము కావలసియుండుట అందఱెఱిగినదే. కట్టడమునకు పని లేదు. గ్రంథాలయమునకు చోటు లేదు. ఈ రెండు లేములను ఎదురెదురుగా నిలిపి చూచుటయే ఆ ఉద్యమకారుల వివేకము. 1961లో నగర మేయరు రాబర్ట్ వాగ్నర్, భవనమును నిలిపి దానిని ప్రజాగ్రంథాలయముగా మార్చుదుమని ప్రకటించెను.

మార్పు పని జార్జియో కావలియేరి అను వాస్తుశిల్పి కప్పగింపబడినది. ఆయన ఇటలీ దేశమున వెనిస్ నగరమున జన్మించినవాడు. పాతవాటిలో నిలుపదగినవానిని ఆయన నిలిపెను: రంగుటద్దములు, చెక్కడపు తలుపులు, చుట్టుమెట్లు. క్రొత్తగా చేర్చినవానికి పాత వేషము వేయక, ఇవి ఈ కాలమువి యని తెలియునట్లే చేర్చెను. 1967లో గ్రంథాలయము తెఱువబడినది. దొంగలును త్రాగుబోతులును నిలిచిన పోలీసు న్యాయస్థానము బాలల పఠనమందిరమైనది. వ్యాజ్యములు నడచిన పై అంతస్తు పెద్దల పఠనమందిరమైనది. బందీలనుంచిన మాళిగ పరామర్శ గ్రంథముల గదియైనది. సంకెళ్ల చప్పుడు వినవచ్చిన చోట కాగితము త్రిప్పు చప్పుడు వినవచ్చెను.

ఇచ్చట నొక చిత్రము చెప్పవలసియున్నది. ఇంచుమించు ఆ సంవత్సరములందే కావలియేరి అదే నగరమున మఱియొక కట్టడమును మార్చెను. అది 1854లో తెఱువబడిన ఆస్టర్ గ్రంథాలయము. దాని పుస్తకములు 1911లో నగరపు పెద్ద గ్రంథాలయమునకు తరలిపోగా, తరువాత వలసవచ్చిన యూదుల సహాయసంఘమునకు అది నిలయమైనది. 1960లలో ఆ సంఘమును తరలిపోగా, నాటకప్రయోక్త జోసెఫ్ పాప్ ప్రేరణమున ఆ పాత గ్రంథాలయము నాటకశాలయైనది. ఒక శిల్పి చేతిలో న్యాయస్థానము గ్రంథాలయమైనది, గ్రంథాలయము నాటకశాలయైనది. కట్టడమునకు ఒకే జన్మ మనుకొనుట పొరపాటు.

అట్లని ప్రతి గోడయు పూజనీయము కాదు. జెఫర్సన్ న్యాయస్థానము ప్రక్కనున్న పాత చెఱసాలను, అంగడిని పడగొట్టి కట్టిన స్త్రీల కారాగారము 1930లలో తెఱువబడినది. అది 1974 నాటికి నేలమట్టమైనది. ఆ చోట పేటవారు పూలతోట పెంచిరి. న్యాయస్థానము నిలుచుటయు, కారాగారము పోవుటయు ఆ పేట బ్రతుకునకు మేలే చేసినవి. ఏది నిలుపవలెను, ఏది విడువవలెననుటకు కొలత కట్టడపు వయస్సు గాదు; అది ప్రజల కేమి చేయగలదనునదే.

తెలుగునేలపైనను ఇట్టి ఉదాహరణము కలదు. హైదరాబాదు కోఠీలోని రెసిడెన్సీ భవనము పందొమ్మిదవ శతాబ్ది తొలి సంవత్సరములలో, జేమ్స్ అకిలిస్ కర్క్‌పాట్రిక్ రెసిడెంటుగా నున్నపుడు కట్టబడినది. 1947లో ఆంగ్లేయులు పోగా దానికి పని లేకపోయినది. 1949లో అది ఉస్మానియా విశ్వవిద్యాలయపు మహిళా కళాశాలకు నిలయమైనది. పరదేశీయుని అధికారమునకు చిహ్నమైన సౌధమున తెలుగు బాలికలు పాఠములు చదివిరి. తరువాతి కాలమున అది శిథిలమగుచుండగా దాని పునరుద్ధరణకు పూనుకొనవలసివచ్చినది. క్రొత్త పని దొరకినంత మాత్రమున కర్తవ్యము తీరదని దీనివలన తెలియుచున్నది. ఏటేట సున్నము, ఎప్పటికప్పుడు కప్పు మరమ్మతు, వాననీరు పోవు త్రోవ: ఇవి లేని ఉత్సాహము మూడు వర్షాకాలములకు మించి నిలువదు.

కావున ఏ ఊరిలోనైనను పాడువడిన కట్టడమును చూచినప్పుడు వరుసగా అడుగవలసిన ప్రశ్నలు నాలుగు. పునాదియు గోడలును గట్టివేనా యని పని తెలిసినవాడు చూచెనా? ఊరికి కొఱవడిన దేమి? ఆ కొఱత దీని గదుల అమరికకు ఒదుగునా? తెఱచిన మఱునాటినుండి తాళపుచేతులు ఎవరివద్ద నుండును, మరమ్మతు ధన మెచ్చటనుండి వచ్చును? నాలుగింటికిని సమాధానము దొరకిననాడు పాత కట్టడము భారము గాదు, ఆస్తి. దొరకనిచో కన్నీరు కార్చి ప్రయోజనము లేదు.

తెలుగు గ్రంథాలయములకు ఈ పాఠము పరాయిది కాదు. 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము ఒక దాత యింట పుట్టినది. పల్లెలలో గ్రంథాలయములు పెక్కులు అరుగులమీద, చావడులలో, దేవాలయ మండపములలో మొదలైనవి. భవనము వచ్చువఱకు పుస్తకము ఆగలేదు. ఉన్న చోటునే తనదిగా చేసికొన్నది. ఇరువదియైదేండ్లు నిండిన ఈ గ్రంథాలయము తన పుస్తకములను కాపాడుకొనునట్లే, ఊరి నడుమ ఊరకయున్న గోడలకును పని కల్పించు ఆలోచనలకు వేదిక యగుగాక! దీని దీపము చిరకాలము వెలుగుగాక!