ఆపదలో పశువైద్యుని యొద్దకు

(రజతోత్సవ సభయందు చేసిన ప్రసంగము)



నేను వైద్యుడను గాను. గ్రామపు లెక్కలు వ్రాసికొనుచు, తీరిక వేళల నీ గ్రంథాలయపు బల్లపై కూర్చుండి నాకు నేనుగా భారత భాగవతములు చదివికొన్నవాడను. అట్టివానికి పశువైద్యముతో నేమి పని యని మీకు తోచవచ్చును. నేను చెప్పబోవునది వైద్యము గాదు. ఆపద వచ్చినపుడు వైద్యుని యొద్దకు చేరులోపల ఇంటివారు చేసికొనవలసిన సన్నాహమును గూర్చియే నా మనవి.

మూగజీవములకు చికిత్స చేయించుట మనకు క్రొత్త ధర్మము గాదు. విరాటుని కొలువున నకులుడు గుఱ్ఱములను, సహదేవుడు గోవులను కాచిరి. క్రీస్తునకు పూర్వము మూడవ శతాబ్దియందు అశోక చక్రవర్తి మనుష్యులకును పశువులకును చికిత్స యేర్పాటు చేసినట్లు శిలలపై చెక్కించెను. ఆ శాసనము కర్నూలు జిల్లా ఎఱ్ఱగుడి బండలపై నేటికిని కలదు.

అయితే మనుష్యుడు "ఇచ్చట నొప్పి" యని చెప్పుకొనగలడు. పశువు చెప్పుకొనలేదు. దానికి నోరు మనమే. ఎన్నడు ఈనినది? నెమరు వేయుచున్నదా? పేడ వేసినదా? ఈ ప్రశ్నలకు ఒక యింట తండ్రి యొక మాట, కొడుకు వేఱొక మాట, పాలేరు ఇంకొక మాట చెప్పగా నేను వింటిని. ఈనిన మూడు దినములలోపల మెడ డొక్కవైపు త్రిప్పి పడిపోయిన ఆవునకు తఱచుగా రక్తమున కాల్షియము తగ్గియుండును. వైద్యుడు సకాలమున నరమునకు మందెక్కించినచో గంటలలో లేచి నిలుచును. ఆలస్యమైనచో ప్రాణమే పోవచ్చును. అట్టిచోట దినముల లెక్క తెలియకుండుట ఎంత ప్రమాదము!

సెంటు బీడునకు సైతము మనకు సర్వే నంబరు కలదు. ఇంటిల్లిపాదికి పాలిచ్చు గేదెకును, రాత్రియంతయు వాకిలి కాచు కుక్కకును మన యిండ్లలో కాగితపు ముక్కయైన లేదు. కావున నా మొదటి మనవి యిది: ప్రతి జీవమునకు ఒక పుట కేటాయింపుడు. అందు వయస్సు, చెవిబిళ్లపైని 12 అంకెల సంఖ్య, చూడికట్టిన దినము, ఈనిన దినము, టీకాలు, పూర్వపు జబ్బులు, వాడిన మందులు వ్రాసికొనుడు. కుక్కకైనచో బరువును వ్రాయుడు. మందు మోతాదు దానినిబట్టియే యుండును.

రెండవది, జీవము ఆరోగ్యముగా నున్నపుడే దాని తీరు తెలిసికొనుట. మన శరీరపు వేడి 98.6 డిగ్రీలు. ఆవునకు సుమారు 101.5, కుక్కకు 101 మొదలు 102.5 వరకు సహజము. ఇది యెఱుగనివాడు ఆరోగ్యముగా నున్న కుక్కకు జ్వరమని భయపడును. నిద్రించు కుక్క నిమిషమునకు 30 సారులు మించి ఊపిరి తీయుచున్నచో అనుమానింపవలెను. గులాబివన్నెతో నుండు చిగుళ్లు పాలిపోయినను, నీలివర్ణమైనను ఆలస్యము పనికిరాదు.

మూడవది, పయనము. బయలుదేరుటకు ముందే ఫోను చేసి వైద్యుడున్నాడో లేదో కనుగొనుడు. పశువుల కొఱకై 1962 అను సంఖ్య యున్నది. ఆ సంఖ్యను, పశువైద్యశాల సంఖ్యను, బండివాని సంఖ్యను ఆ పుట మీదనే వ్రాసికొనుడు. గట్టి మోకు, టార్చిలైటు, పాత దుప్పటి, కొంత రొక్కము ఒకచోట నుండవలెను. బండిలో గడ్డి దట్టముగా పఱచుడు. గాయపడిన కుక్కను పలకపై గాని, దుప్పటిలో గాని కదలకుండ మోయుడు. నొప్పితో నున్న కుక్క అన్నము పెట్టిన చేతినే కఱచును. కావున మెత్తని గుడ్డతో మూతి కట్టుడు. వాంతులు, ఆయాసము ఉన్నచో కట్టరాదు. పురుగుమందు త్రాగినదని అనుమానమున్నచో ఆ డబ్బాను వెంట తీసికొనిపొండు. పాము కఱచినచో గాటు పెట్టరాదు, త్రాడు బిగింపరాదు, నడిపింపరాదు.

చేయరానివి మఱికొన్ని కలవు. పడియున్న పశువునకు గొట్టముతో కషాయము పోసినచో అది ఊపిరితిత్తులలోనికి పోవచ్చును. మనము మ్రింగు మాత్రలు వానికి వేయరాదు; పారాసిటమాలు పిల్లికి విషమే. చొంగ కార్చుచు మ్రింగలేకున్న పశువు నోట చేయి పెట్టకుడు. గొంతున ఏదో అడ్డుపడినదని మనమనుకొనుదుము. అది రేబిస్ వ్యాధియు కావచ్చును. కాటు పడినను, చొంగ గాయమునకు తగిలినను, సబ్బుతో 15 నిమిషములు నీటిధార క్రింద కడిగి, వెంటనే మనుష్యుల వైద్యశాలకు పోవలెను.

బీదవాని యింట నొక్క గేదె చనిపోయినచో పిల్లల పాలును, పాలడబ్బును, తీరని అప్పునకు ఆధారమును ఒక్క రాత్రిలో పోవును. కావున గ్రంథాలయ సంఘము వారికి నాదొక విన్నపము. ఈ రజతోత్సవ సంవత్సరమున పశువుల థర్మామీటరు నొకదానిని బీరువాలో నుంచి, పైని చెప్పిన పుటలను అచ్చువేయించి చందాదారులకు పంచుడు. వ్రాయుట రానివారి కొఱకు ప్రతి ఆదివారము సాయంకాలము నేను వచ్చి యిచ్చట కూర్చుండి వ్రాసిపెట్టుదును. పశువుల లెక్క వ్రాయుటకు నాకు రుసుము అక్కఱలేదు.