కబురును, జవాబును
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగము)



నేటి యంత్రములను గూర్చియు, వానివలన మారిన మన నడవడిని గూర్చియు నాలుగు మాటలు చెప్పుమని కార్యదర్శిగారు నన్ను కోరినారు. నేను యంత్రశాస్త్రము చదివినవాడను కాను. సంఘములో లెక్కలు వ్రాసికొనువాడను. కరణపు ఉద్యోగములు 1984లోనే రద్దయినను, లెక్క వ్రాయువానిని మన యూరు నేటికిని కరణమనియే పిలుచుచున్నది. నాకు అభ్యంతరము లేదు. యంత్రములన్నిటిని గూర్చి మాటాడుటకు నాకు శక్తియు, వినుటకు మీకు ఓపికయు చాలవు. అందుచేత మనందరి జేబులలోను, రొండిని ఉన్న చేతిఫోనును గూర్చియే, అందులోను వాట్సాప్‌లో కనబడు రెండు నీలి గీతలను గూర్చియే చెప్పెదను.

నవ్వకుడు. ఆ రెండు గీతల మూలమున నేనొక పెద్దమనిషిని 19 దినములు ఆడిపోసికొన్నాను. ఆ సంగతికి తరువాత వచ్చెదను.

ఈ గ్రంథాలయము తలుపులు తెరచిన నాటికి మన యూర చేతిఫోను లేదు. దేశములో దాని తొలి పలుకు 1995 జూలై 31వ తేదీన, కలకత్తానుండి బెంగాలు ముఖ్యమంత్రి జ్యోతిబసు గారు ఢిల్లీలోని కేంద్రమంత్రి సుఖరాం గారితో పలికినది. మన గుమ్మము త్రొక్కుటకు దానికి మరి పదేండ్లు పట్టినది. 2003 వరకు మనకు వచ్చిన పిలుపునకు గూడ మనమే డబ్బు కట్టవలసియుండెను, ఎవరు కొందురు? అప్పటికి మనకున్నది బస్సులాగు చోటనున్న ఎస్.టి.డి. బూతు. రాత్రిపూట రేటు తగ్గునని కాచుకొని యుండి, పెట్టెమీద పరుగెత్తు ఎఱ్ఱని అంకెలను చూచుచు, బాగున్నారా, బాగున్నాము, ఉండెదను అని ముగించెడివారము.

అంతకు ముందు కార్డు. మూలలకు పసుపు పూసియున్నచో శుభలేఖ. చావుకబురైనచో వీథిలోనే చదివి, చించివేసి, స్నానము చేసి లోనికి వచ్చెడివారు. ఇక తంతి యనగనే విప్పకమునుపే ఇంటిలో ఏడుపులు. ఉద్యోగము వచ్చినదను తంతికి గూడ మా మేనత్త శోకములు పెట్టినది. ఆ తంతి సేవయు 2013 జూలైలో మూతపడినది. మంచి యుత్తరములన్నిటిని చూరునకు వ్రేలాడు ఇనుప తీగకు గ్రుచ్చి యుంచెడివారు. మా యింటి తీగ ఇంకను ఉన్నది. దానిపైనున్న యొక కార్డు తిరుపతిలో వేసిన 11వ నాటికి మన యూరు చేరినట్లు ముద్రలు చెప్పుచున్నవి.

ఆ 11 దినములు వ్యర్థమని నేననుకొనను. జవాబు రానిచో దారిలో వరద వచ్చెనేమో, ఆయన యూర లేడేమో, కార్డు వేరొక యూరికి పోయెనేమో యని అనుకొనుటకు అందులో చోటుండెడిది. అవతలివానిమీద నేరము మోపుటకు ముందు దారిమీద మోపెడివారము.

పోతన భాగవతములో రుక్మిణి అగ్నిద్యోతనుడను బ్రాహ్మణునిచేత కృష్ణునకు కబురంపి, పెండ్లి గడియలు దగ్గరపడుచున్నను ఆయన తిరిగిరాలేదని కలతపడు ఘట్టము మీరందరు ఎరుగుదురు. ఆ తల్లి ఊహల వరుసను గమనింపుడు. బ్రాహ్మణుడు చేరెనో లేదో, నడుమ దారిలో అలసి నిలిచెనో యనునది మొదటిది. కృష్ణుడు తప్పుగా దలచెనేమో యనునది ఆ తరువాతిది. ఆ పిమ్మట దైవము, తన భాగ్యము. నేనీ పద్యమును చిన్ననాట కంఠస్థము చేసినవాడనే. కాని ఆ వరుసలోని మర్యాద నాకు మొన్నటివరకు తెలియలేదు.

హనుమంతుడు లంకనుండి తిరిగివచ్చి రాముని ఎదుట నిలిచినప్పుడు, సీత పేరుకంటె ముందు, చూచితినను మాటను పలికినాడని పెద్దలు మెచ్చుకొందురు. ఆ ఒక్క మాటలో ఎంత పూచీ యున్నది! సముద్రము దాటినవాడు, కన్నులార కాంచినవాడు, చూడామణిని తెచ్చినవాడు పలికిన మాట యది. నేడు ఫోనును చూచితినని చెప్పుచున్నది. ఎవరు చూచిరి? ఎట్లు చూచిరి? ఏ స్థితిలో చూచిరి? అది చెప్పదు. 2014 నవంబరులో ఈ నీలి గీతలు వచ్చినవి. నాటినుండి లోకములో అలుకలు పెరిగినవని నా యభిప్రాయము. దీనికి లెక్క చూపుమన్నచో నాయొద్ద లేదు; మా యింటి లెక్క మాత్రము కలదు.

చూడనిదానిని చూచితిమనువారి సంగతి వేరొకటి. 2018 వేసవిలో పిల్లలనెత్తుకొనిపోవు ముఠాలు తిరుగుచున్నవని ఫోనులలో కబుర్లు ప్రాకినవి. పంపినవాడు చూడలేదు, అందుకొన్నవాడు చూడలేదు. మన తెలుగునాటనే కొన్నిచోట్ల బాటసారులను కొట్టిరి, ప్రాణములు పోయినవి. ఆ యేటి జూలైలో వాట్సాప్‌వారు మన దేశమున ఒక కబురును ఒక్క పర్యాయము అయిదు చాట్లకు మించి పంపరాదని కట్టడి చేసిరి. హనుమంతునకు ఇట్టి కట్టడి అక్కరలేకపోయినది.

ఇక నా నేరము. ఈ సంచిక కొరకు, గ్రంథాలయము పుట్టుకను గూర్చి రెండు పుటలు వ్రాసి, మీ ఫొటో యొకటి పంపుడని మా బావగారికి వాట్సాప్‌లో కబురంపితిని. వరుసకు బావ, నాకంటె నాలుగేండ్లు పెద్ద. మన తొలి బీరువాకు తన పాత యింటి తలుపులు విప్పి యిచ్చినవాడు. వసారాలో నా ప్రక్కన కూర్చుండి నాకు తిక్కన పద్యమును విడదీసి చదువుట నేర్పినవాడు. ఇప్పుడు కుమారునితో పట్టణమున నుండుచున్నాడు. కబురంపిన సాయంకాలమే రెండు గీతలు నీలమైనవి. జవాబు లేదు. మూడవనాడు మరల వ్రాసితిని, మరల నీలము. పదవనాటికి నాలో ఆయన పట్టణపు గర్వమును గూర్చి యొక పర్వమే తయారైనది. కార్యవర్గ సమావేశములో, ఆయనకు మన యూరు అక్కరలేనప్పుడు ఆయన ఫొటో మన సంచికకేల యని నేనే అంటిని. ఇచ్చట కూర్చున్నవారిలో నలుగురు ఆ మాట విన్నవారే. ఎవరును ఎదురు పలుకలేదు. వారును ఆ గీతలనే చూచినారు గదా!

19వ నాడు ఆయన కుమారుడు పొలము పాసుపుస్తకము పనిమీద వచ్చి, మా యింటికి చూడవచ్చినాడు. మామయ్యా, నాన్నకు కంటి వెనుక పొరకు జబ్బుచేసినది, అక్షరములు అలికినట్లగుచున్నవి, ఫోను మూడు నెలలనుండి పాప చేతిలోనే యున్నదని చెప్పినాడు. పాపకు ఎనిమిదేండ్లు. గంట మ్రోగినప్పుడెల్ల తెరచి చూచును, మూసివేయును.

నేను లెక్కలు వ్రాయువాడను. నాటి రిజిస్టరు ఉత్తరము వెంట తిరిగివచ్చెడి రసీదు కార్డుమీద ఇంటిలో ఎవరి సంతకమైన నుండెడిదని నాకు తెలియును. ముట్టినదను రసీదు వేరు, ఒప్పుకొంటినను జవాబు వేరు అని సంఘములో కుఱ్ఱ గుమాస్తాలకు నేనే పాఠము చెప్పుదును. ఆ పాఠము నాకు వంట పట్టలేదు.

ఆ రాత్రియే గొంతుతో పిలిచితిని. జరిగినదంతయు దాచక చెప్పితిని. బావగారు కొంతసేపు ఊరకుండి, సరేనయ్యా, తిట్టినది తిట్టితివి గాని ఛందస్సు తప్పకుండ తిట్టితివా యని అడిగినాడు. పిదప, చదువులేని రాత్రులు పొడవుగా నున్నవని మెల్లగా అన్నాడు. నేను ఫోనును దూషించుటకే ఇచ్చటికి వచ్చితినని మీరనుకొనియుందురు. కాని ఆ మాట నా చెవిని వేసినదియు ఆ ఫోనే. తీగకు గ్రుచ్చిన కార్డులో ఆ మెల్లదనము పట్టదు.

ఆయన ఫొటో సంచికలో వేయుచున్నారు. పుటలు ఆయన చెప్పగా నేను వ్రాసితిని, తప్పులున్నచో నావి. మరునాటినుండి రాత్రి ఎనిమిదిన్నరకు నేను ఈ గ్రంథాలయపు ప్రతిలోనుండి విరాటపర్వము ఫోనులో చదువుచున్నాను, ఆయన వినుచున్నాడు. విరాటపర్వము చదివిన వానలు కురియునందురు. రైతులు ఆ విధముగనైన మమ్ము మెచ్చుకొనవచ్చును. అప్పుడప్పుడు పాపయు వచ్చి వినును. నిన్న రాత్రి ఉత్తరుడు జమ్మిచెట్టెక్కుటవరకు వచ్చినాము. ఆయుధములు ఇంకను దింపలేదు. సభ ఆలస్యమగునని నేనాయనకు చెప్పి రాలేదు. ఎనిమిదింబావు అగుచున్నది, నాకు సెలవిప్పింపుడు.