చిన్న చేపలకు చాలినంత తొట్టి



ఈనాడు నేను ప్రసంగింపదలచిన విషయము చిన్నదియే గాని, ప్రాణములతో ముడివడియున్నది. తిరునాళ్లకో పట్టణమునకో పోయిన మనుమలు రంగురంగుల చేపపిల్లలను కొని తెచ్చుట మీరెరుగుదురు. వానిని గాజుబుడ్డిలో విడిచి కిటికీలో నుంతురు. నాలుగు దినములలో నవి వెల్లకిలబడి తేలును. ఆ చేపలకు ఆయువే యింతయని యింటివారు సరిపెట్టుకొందురు. కాని సక్రమముగా పెంచినచో గప్పీయను చిన్నచేప సుమారు రెండేండ్లు బ్రతుకును.

చేపయు మనవలెనే ప్రాణవాయువును గోరును. అది గాలినుండి నీటి పైతలము గుండ లోనికి దిగును. కావున తొట్టి లోతుకంటె దాని నోటి వెడల్పు ముఖ్యము. మెడ సన్నని బుడ్డిని నిండుగా నింపినచో, గాలి సోకు తావు అరచేయంతయే యగును. వేసవిలో నీ యిబ్బంది హెచ్చును. 20 డిగ్రీల వేడిమిలో లీటరు నీరు సుమారు 9 మిల్లీగ్రాముల ప్రాణవాయువును నిలుపుకొనగా, 30 డిగ్రీలలో సుమారు ఏడున్నర మాత్రమే నిలుపుకొనును. అందుచేత తొట్టిని ఎండ పడని చోట నుంచవలెను.

ఇక కొలత. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు లోతుగల తొట్టి గృహస్థునకు చాలును. అందు సుమారు 56 లీటర్ల నీరు పట్టును. ఆ నీటి బరువే 56 కిలోలు గనుక బల్ల గట్టిదై యుండవలెను. దాని పైతలము 288 చదరపు అంగుళములు. చేప పొడవున అంగుళమునకు 12 చదరపు అంగుళముల పైతలము కావలెనని పెంపకందార్ల మోటులెక్క. ఆ ప్రకారము రెండంగుళముల చేపలు 12 ఇముడును. కొన్ననాటి పొడవుగాక, పెరిగిననాటి పొడవును లెక్కింపవలెను. గప్పీలు గ్రుడ్లు పెట్టక, ఇంచుమించు నెలకొకసారి పిల్లలనే కనును. కావున ఆడు మగలను కలిపి యుంచువారు కొద్దిచేపలతోనే యారంభించుట మేలు.

తొట్టి పెద్దదైనను తొందరపాటు కూడదు. చేపలు మొప్పలనుండి అమ్మోనియా యను విషమును విడుచును. ఇసుకలో పెరుగు సూక్ష్మజీవులు దానిని క్రమముగా అంత హానిలేని నైట్రేటుగా మార్చును. ఆ జీవులు వృద్ధిచెందుటకు నాలుగైదు వారములు పట్టును. పాలకు తోడు వేసినట్లు, ఆరోగ్యముగానున్న పాత తొట్టినుండి గుప్పెడు ఇసుక తెచ్చి వేసినచో పని త్వరపడును. తొలుత రెండుమూడు చేపలనే విడువుడు. వారమునకొకసారి నాల్గవవంతు నీటిని మాత్రమే మార్పుడు. ఉన్న నీరంతయు పారబోసి ఇసుకను తోమి కడుగుట, కుదిరిన తోడును పారబోయుటయే. క్లోరిను కలిపిన కుళాయినీటిని వెడల్పైన పాత్రలో ఒకదినము నిలువయుంచి వాడుడు. మేత కొద్దినిమిషములలో తినునంతయే వేయుడు. మిగిలినది క్రుళ్లి విషమగును.

ఈ చేపలవలన ఉపకారమును గలదు. మలేరియా క్రిమిని దోమ కడుపులో రోనాల్డ్ రాస్ పండితుడు 1897లో కనుగొన్నది మన సికిందరాబాదులోనే. పెరటి సిమెంటు తొట్టిలో గప్పీలుండినచో దోమపిల్లలను తినివేయును. అయితే, పెంచలేమని వానిని చెరువులలో, కాలువలలో మాత్రము విడువరాదు. దోమలకొరకై 1928లో మన దేశమునకు తెచ్చిన గంబూసియా చేప, స్థానికమైన చేపల గ్రుడ్లను, పిల్లలను తిని నష్టము కలిగించుచున్నది. మీ యూరి చెరువును నమ్ముకొన్న పరిగెలకు, జెల్లలకు ఆ యాపద తెచ్చిపెట్టవలదు.

కావున మనుమడు చేపలడిగిన దినమున ముందుగా తొట్టిని కొనిపెట్టుడు. నీరు కుదుటపడిన పిమ్మట చేపలను తెప్పింపుడు. ఆ వ్యవధిలో నొక ప్రాణిని సాకుటకు కావలసిన యోర్పు పిల్లవానికిని అలవడును.