అధ్యక్షురాలి కుర్చీకి మనిషిని వెతకడం

ఆడపిల్లల చదువుకీ ఉపాధికీ పనిచేసే చిన్న స్వచ్ఛంద సంస్థకు డబ్బు కంటే కష్టంగా దొరికేది మంచి అధ్యక్షురాలు. ఆ పనికి జీతం ఉండదు. బాధ్యత మాత్రం పూర్తిగా ఉంటుంది. ఆంధ్రప్రదేశ్‌లో ఇలాంటి సంస్థలు ఎక్కువగా 2001 నాటి సంఘాల రిజిస్ట్రేషన్ చట్టం కింద నమోదవుతాయి. కనీసం ఏడుగురు కలిసి నిబంధనావళి రాసుకుని రిజిస్ట్రారు దగ్గర దాఖలు చేస్తే సంఘం ఏర్పడుతుంది. ఆ ఏడుగురిలో కార్యదర్శి ఎవరన్నది పెద్ద చిక్కు కాదు. సంఘం పెట్టాలని తిరిగిన మనిషే కార్యదర్శి అవుతారు. లెక్కలు తెలిసిన స్నేహితురాలు కోశాధికారి అవుతుంది. అధ్యక్షురాలి దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఊళ్ళో పెద్ద పేరు ఎవరిదా అని చూస్తారు. తప్పు అక్కడే మొదలవుతుంది.

నాట్యం నేర్చిన అమ్మాయిల స్నాతకోత్సవంలో ఈ సంగతి ఎత్తుకోవడానికి కారణం లేకపోలేదు. కూచిపూడి భాగవత మేళాల్లో తరాల తరబడి సత్యభామ వేషం కట్టింది మగవాళ్ళే. వేదాంతం సత్యనారాయణ శర్మ స్త్రీ వేషానికి దేశమంతా పేరుంది. వేదాంతం లక్ష్మీనారాయణ శాస్త్రి వంటి గురువులు ఆడపిల్లలకు నేర్పారు. వెంపటి చినసత్యం 1963లో మద్రాసులో కూచిపూడి ఆర్ట్ అకాడమీ పెట్టి ఎందరో అమ్మాయిలను తీర్చిదిద్దారు. అలా వేదిక ఆడపిల్లలది అయింది. కమిటీ బల్ల దగ్గర కుర్చీ ఇంకా చాలాచోట్ల వాళ్ళది కాలేదు. ఆడపిల్లల పేరుతో నడిచే సంస్థలో కూడా ఆడపిల్లలు లబ్ధిదారుల జాబితాలో కనిపిస్తారు కానీ, లెటర్‌హెడ్ మీద కనిపించరు.

తెలుగు నేలలో ఇందుకు భిన్నమైన దారి చూపిన వాళ్ళున్నారు. 1909లో రాజమండ్రిలో పుట్టిన దుర్గాబాయి చిన్న వయసులోనే ఆ ఊళ్ళో ఆడపిల్లలకు హిందీ బడి నడిపింది. 1923లో కాకినాడ కాంగ్రెసు మహాసభల సందర్భంగా ఖద్దరు ప్రదర్శన తలుపు దగ్గర ఆమె వాలంటీరు. టికెట్ లేకుండా వచ్చిన జవహర్‌లాల్ నెహ్రూను లోపలికి పోనివ్వలేదు. నిర్వాహకులు టికెట్ కొనిచ్చాకే వదిలింది. ఈ కథను చిన్నపిల్ల ధైర్యంగా చెప్పుకుంటారు. నిజానికి అధ్యక్ష పదవికి కావలసిన మొదటి అర్హత అందులోనే ఉంది. వచ్చినవాళ్ళు ఎంత పెద్దవాళ్ళైనా నియమం నియమమే అనగలగాలి. 1937లో మద్రాసులో ఆంధ్ర మహిళా సభ నెలకొల్పినా, రాజ్యాంగ సభలో అధ్యక్షుల ప్యానెల్‌లో ఏకైక మహిళగా కూర్చున్నా, 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డుకు తొలి అధ్యక్షురాలిగా దేశంలోని స్వచ్ఛంద సంస్థలకు నిధులు పంచినా, ఆ తలుపు దగ్గరి పిల్ల అభ్యాసమే పనికొచ్చింది.

కృష్ణా డెల్టాలో చెన్నుపాటి విద్య ఉదాహరణ ఇంకా దగ్గరిది. గోరా, సరస్వతి గోరా దంపతులు 1940లో ముదునూరులో మొదలుపెట్టిన నాస్తిక కేంద్రం 1947లో విజయవాడకు మారింది. ఆ ఇంట్లో పెరిగిన విద్య 1969లో పుట్టిన వాసవ్య మహిళా మండలిని ఏళ్ళ తరబడి నడిపించారు. 1980లోనూ 1989లోనూ విజయవాడ నుంచి లోక్‌సభకు ఎన్నికయ్యారు. ఇక్కడ గమనించవలసింది వరస. పదవిలో ఉన్న మనిషిని తెచ్చి సంస్థకు పెద్దగా కూర్చోబెట్టలేదు. సంస్థ పనిలో ఉన్న మనిషి పదవికి వెళ్ళారు. చిన్న సంస్థలు ఈ వరసను తలకిందులు చేసి ఎమ్మెల్యే గారి భార్యనో, డాక్టరమ్మనో బతిమాలి ఒప్పిస్తాయి. ఆవిడ వార్షికోత్సవానికి వచ్చి, శాలువా కప్పించుకుని వెళ్తారు. అందులో ఆవిడ తప్పు లేదు. ఆమెను అడిగిందే అంతవరకు.

ఈ అలంకార పదవి ఎంత ప్రమాదమో చెక్కు పుస్తకం చూస్తే తెలుస్తుంది. ఈ వక్త ఉద్యోగ జీవితం చాలాభాగం సంఘాల లెక్కల తనిఖీలో గడిచింది. ఒక సంస్థలో ఇనప బీరువాలోంచి తీసిన చెక్కు పుస్తకంలో మిగిలిన ఆకులన్నిటి మీదా అధ్యక్షురాలి సంతకం నీలి సిరాతో ముత్యాల్లా ఉంది. తేదీ లేదు, మొత్తం లేదు, ఎవరికన్నది లేదు. అడిగితే కార్యదర్శి చాలా మామూలుగా చెప్పింది: “అమ్మగారు పెద్దమ్మాయి పురుడికి అమెరికా వెళ్ళారండీ. ఆరు నెలలదాకా రారు. పని ఆగకూడదని పెట్టి వెళ్ళారు.” ఆ కార్యదర్శి నిజాయితీపరురాలు. పైసా తేడా లేదు. అయినా ఆ పుస్తకంలో ఉన్నది ఒక్క సంతకమే. రెండు సంతకాల నియమం పెట్టింది ఇద్దరు మనుషులు విడివిడిగా ఆలోచించాలని. ముందుగా పెట్టిన సంతకం ఆ రెండో ఆలోచనను చంపేస్తుంది. రేపు కార్యదర్శి మారినా, పుస్తకం పోయినా, నింద పడేది ఆ అమ్మగారి మీదే.

దీనికి మందు కష్టమైనది కాదు. అధ్యక్షురాలు, కార్యదర్శి, కోశాధికారి ముగ్గురికీ సంతకం అధికారం ఇచ్చి, ఏ ఇద్దరు పెట్టినా చెల్లేలా బ్యాంకుకు తీర్మానం ఇవ్వాలి. ఎక్కువ కాలం ఊళ్ళో ఉండనప్పుడు ఉపాధ్యక్షురాలికి బాధ్యత అప్పగిస్తున్నట్టు మినిట్స్ పుస్తకంలో రాయించాలి. ఇంత చిన్న పని ఎవరూ చెయ్యరు, అడగరు. చదువుకున్న ఆడపిల్లలు మరీను. ఇంట్లో “ఇక్కడ సంతకం పెట్టమ్మా” అనగానే నాన్న చెప్పారనో, అన్నయ్య తొందరపడుతున్నాడనో కాగితం వైపు చూడకుండా పెట్టేస్తారు. గంటసేపు జతులు ఒక్క అక్షరం తప్పకుండా ఒప్పజెప్పే పిల్ల, ఒక్క పేజీ చదవడానికి బద్ధకిస్తే ఎలా? పట్టా పుచ్చుకున్న చెయ్యి చదవని కాగితం మీద సంతకం చెయ్యకూడదు. ఈ ప్రసంగంలో మిగతాదంతా మరిచిపోయినా ఫరవాలేదు, ఇది మాత్రం గుర్తుండాలి.

ఇక వెతకడం. ముందు పని ఏమిటో ఒక పేజీలో రాసిపెట్టుకోవాలి. సంవత్సరానికి ఎన్ని సమావేశాలు, నెలకు ఎన్ని గంటలు, ఏయే కాగితాలు చదవాలి, ఎవరిని ప్రశ్నించాలి అన్నవి అందులో ఉండాలి. “మీరు పేరిస్తే చాలు, పనంతా మేం చూసుకుంటాం” అనే మాట ఎక్కడా రాకూడదు. జీతం లేకపోయినా బస్సు చార్జీలు, ఫోను ఖర్చు సంస్థే భరిస్తుందని కూడా ఆ పేజీలోనే ఉండాలి. అది లేకపోతే కారున్న వాళ్ళు తప్ప ఇంకెవరూ ముందుకు రాలేరు. వెతికే బాధ్యత ముగ్గురికి అప్పగించడం మంచిది: కమిటీ సభ్యురాలు ఒకరు, బయటి మనిషి ఒకరు, సంస్థ సాయంతో చదువుకుని ఉద్యోగంలో స్థిరపడిన అమ్మాయి ఒకరు. ఈ మూడో మనిషిని మొహమాటానికి పెట్టకూడదు. తనను గౌరవంగా చూసేదెవరో, జాలిగా చూసేదెవరో ఆ అమ్మాయికి ఐదు నిమిషాల్లో తెలిసిపోతుంది.

కృష్ణా జిల్లాలో, విజయవాడలో మనుషులకు కొదవ లేదు. 1923లో మచిలీపట్నంలో పుట్టిన ఆంధ్రా బ్యాంకు 2020లో యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది. అందులో పనిచేసి రిటైరైన మహిళలకు చెక్కు అంటే ఏమిటో ఎవరూ చెప్పనక్కర్లేదు. రిటైరైన హెడ్మిస్ట్రెస్సులున్నారు, నర్సింగ్ సూపరింటెండెంట్లున్నారు, 1962 నుంచి నడుస్తున్న విజయవాడ మారిస్ స్టెల్లా కాలేజీ వంటి మహిళా కళాశాలల పూర్వ విద్యార్థినులున్నారు. వీళ్ళందరికంటే ముందు అడగవలసిన వాళ్ళు డ్వాక్రా మహిళలు. 1982లో మొదలైన ఆ పథకం నుంచి ఎదిగి గ్రామ సంఘం, మండల సమాఖ్య దాకా అధ్యక్షురాలిగా చేసిన మహిళకు తీర్మానం రాయించడం తెలుసు, బ్యాంకు మేనేజరుతో మాట్లాడటం తెలుసు, బాకీ కట్టని చుట్టాన్ని సమావేశంలో నిలదీయడం కూడా తెలుసు. ఆమెను కమిటీలోకి పిలవరు. ఇంగ్లీషు రాదంటారు. నిబంధనావళి తెలుగులో రాసుకోవడానికి అడ్డేమీ లేదు. ఆడిట్ నివేదిక తెలుగులో వివరించడం ఆడిటర్ పని. ఇరవై ఏళ్ళు పొదుపు సంఘం నడిపిన మనిషిని భాష పేరు చెప్పి బయట నిలబెట్టడం అన్యాయం.

పేరు ఖాయం చేసేముందు ఆమెను ఒక కమిటీ సమావేశానికి పిలిచి కూర్చోబెట్టాలి. గత సంవత్సరం లెక్కలు చేతికిచ్చి, వారం తర్వాత మాట్లాడాలి. ఒక్క ప్రశ్న కూడా లేకుండా తిరిగిచ్చేస్తే ఆలోచించుకోవలసిందే. ఆమె ఇంటివాళ్ళ వ్యాపారానికి సంస్థతో లావాదేవీ ఉందా అన్నది మొహమాటం లేకుండా అడిగి తెలుసుకోవాలి. సర్పంచి కుర్చీలో భార్య పేరుండి, పెత్తనం భర్త చేసిన ఊళ్ళున్నాయి. సంస్థకు ఆ జబ్బు రానివ్వకూడదు.

చట్టం సంగతి క్లుప్తంగా. ఆదాయపు పన్ను చట్టం కింద సంస్థ నమోదు ఎప్పటిదాకా చెల్లుతుందో అధ్యక్షురాలికి తెలిసి ఉండాలి. కంపెనీల సామాజిక బాధ్యత (సీఎస్ఆర్) డబ్బు కావాలంటే 2021 ఏప్రిల్ నుంచి సంస్థ సీఎస్ఆర్-1 ఫారం దాఖలు చేసి ఉండాలి. డెల్టా ఊళ్ళకు ముఖ్యమైనది విదేశీ విరాళం. అమెరికాలో ఉన్న దాత భారత పౌరుడై, తన సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కాదు. అక్కడి పౌరసత్వం తీసుకుని ఉంటే అవుతుంది. అప్పుడు విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద అనుమతి ఉండాలి, 2020 సవరణ ప్రకారం డబ్బు ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖ ఖాతాలోనే పడాలి, పరిపాలన ఖర్చు 20 శాతం దాటకూడదు. మన ఊరి అబ్బాయే కదా అని తీసుకున్న చెక్కు సంస్థను చిక్కుల్లో పడేస్తుంది. 18 ఏళ్ళ లోపు పిల్లలతో పనిచేసే చోట లైంగిక నేరం జరిగిందని తెలిస్తే 2012 పోక్సో చట్టం ప్రకారం పోలీసులకు చెప్పి తీరాలి. సంస్థ పరువు పోతుందని లోపల సర్దుబాటు చేసే అధ్యక్షురాలు ఆ పిల్లకు రెండోసారి ద్రోహం చేసినట్టే.

ఎంపిక తీర్మానంతో పని అయిపోదు. కమిటీ మార్పును రిజిస్ట్రారు దగ్గర నమోదు చేయించాలి. ఎఫ్‌సీఆర్‌ఏ అనుమతి ఉంటే కేంద్ర హోం శాఖకు తెలపాలి. పదవీకాలం రెండేళ్ళు, మళ్ళీ ఒక్కసారి అని నిబంధనావళిలోనే రాసుకుంటే ఎవరినీ నొప్పించకుండా మార్పు జరుగుతుంది. రెండో ఏడు మొదట్లోనే ఉపాధ్యక్షురాలిగా ముప్పై ఏళ్ళ లోపు అమ్మాయిని తీసుకుని, సమావేశాలకు అధ్యక్షత వహించే అవకాశం ఇస్తూ రావాలి. దిగిపోయే అధ్యక్షురాలు మినిట్స్ పుస్తకాలు, ఆస్తి పత్రాలు, ఆన్‌లైన్ ఖాతాల పాస్‌వర్డులు జాబితా రాసి అప్పగించాలి. అదే రోజు ఆమె సంతకం రద్దు చేస్తూ, కొత్త సంతకం నమూనా జతచేస్తూ బ్యాంకుకు ఉత్తరం వెళ్ళాలి. దాని నకలు మీద బ్యాంకు ముద్ర వేయించి సంస్థ ఫైల్లో పెట్టాలి.