పనివాళ్ళైతే ఉండొచ్చు

లా పట్టా పుచ్చుకుంటున్న మీ అందరికీ అభినందనలు.

ప్లీడరుగా పేరు నమోదు చేయించుకున్న ఏడాది హైదరాబాదులో గది కోసం తిరిగాను. ఒక ఇంటావిడ కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చింది. అద్దె, అడ్వాన్సు, మోటారు వేసే వేళలు అన్నీ మాట్లాడుకున్నాం. తాళంచెవి చేతికివ్వబోతూ, "ఇంతకీ మీరేమిట్లమ్మా?" అంది. చెప్పాను. "మా వారిని అడిగి చెప్తా" అని తాళంచెవి మళ్ళీ మేకుకు తగిలించింది. సాయంత్రం అటు వెళ్తే టూలెట్ బోర్డు అలాగే వేలాడుతోంది. కులం పేరిట వివక్ష వద్దనే రాజ్యాంగం 15వ అధికరణం నాకు కంఠతా వచ్చు. ఆ తాళంచెవిని మేకు మీంచి దించే దారి మాత్రం అందులో కనబడలేదు.

అలాంటి దారి కోసం జీవితమంతా వెతికిన లాయరు గురించి తరవాత చదివాను. పేరు లోరెన్ మిల్లర్. 1903లో అమెరికాలోని నెబ్రాస్కాలో పుట్టాడు. తండ్రి బానిసగా పుట్టినవాడు. లోరెన్ లా చదివి లాస్ ఏంజెలెస్ చేరాడు, పత్రికలకు రాశాడు, ఇళ్ళ కేసులు పట్టాడు.

ఆ రోజుల్లో అక్కడి ఇళ్ళ దస్తావేజుల్లోనే షరతు రాసేవారు, నల్లజాతి వాళ్ళు ఇక్కడ కాపురముండరాదని. కొన్నింట్లో ఆసియా వాళ్ళనీ కలిపేవారు. చాలావాటిలో పక్కనే ఇంకో ముక్క ఉండేది: పనివాళ్ళైతే ఉండొచ్చు. ఆ ముక్క చదివినప్పుడల్లా నాకు కడుపులో దేవినట్టవుతుంది. వంట చేసి అక్కడే పడుకోవచ్చు, కొనుక్కుని పడుకోకూడదు!

నటి హాటీ మెక్‌డానియల్ పనిమనిషి పాత్రకే ఆస్కార్ అందుకుంది, నల్లజాతి నటుల్లో అందరికన్నా ముందు. లాస్ ఏంజెలెస్‌లోని షుగర్ హిల్‌లో సొంత ఇల్లు కొనుక్కుంటే ఆమెనీ, ఇరుగుపొరుగు నల్లజాతి కుటుంబాలనీ ఖాళీ చేయించాలని తెల్లవాళ్ళు దావా వేశారు. ఆ నల్లజాతి కుటుంబాల తరఫున నిలబడ్డది మిల్లరే. 1945 డిసెంబరులో జడ్జి థర్మండ్ క్లార్క్ స్వయంగా ఆ వీధులు తిరిగి చూసి, దావా కొట్టేశాడు.

తరవాత అమెరికా సుప్రీంకోర్టు. సెయింట్ లూయిస్‌లో లబాడీ అవెన్యూ మీద షెల్లీ అనే నల్లజాతి దంపతులు 1945లో ఇల్లు కొన్నారు. ఆ వీధివాళ్ళు 1911లోనే అలాంటి షరతుతో యాభై ఏళ్ళకి ఒప్పందం రాసుకున్నారు; దాన్ని పట్టుకుని షెల్లీల మీద దావా పడింది. ఆ కేసుతోపాటు విన్న డెట్రాయిట్ కేసును మరో లాయరు థర్‌గుడ్ మార్షల్‌తో కలిసి మిల్లర్ వాదించాడు. ఇది ఇరుగుపొరుగు రాసుకున్న సొంత వ్యవహారమని అవతలివాళ్ళ మాట. సరే, మనసులో ద్వేషాన్ని ఏ చట్టమూ కడిగెయ్యలేదు. మరి ఇల్లు ఖాళీ చేయించేదెవరు? కోర్టు డిక్రీ. దాన్ని పట్టుకుని గుమ్మంలోకొచ్చే షెరీఫ్, అంటే మన అమీనా లాంటివాడు, ఎవరి జీతం తింటున్నాడు? ప్రభుత్వానిది. అలాంటప్పుడు, ప్రభుత్వం అందరికీ చట్టపు సమాన రక్షణ ఇవ్వాలనే అమెరికా రాజ్యాంగం 14వ సవరణ అడ్డం పడాల్సిందే. 1948 మే 3న, ముగ్గురు జడ్జీలు తప్పుకోగా, మిగిలిన ఆరుగురూ ఒక్కమాట మీద అదే తీర్పు చెప్పారు. ఖాళీ చేయించలేకపోతే నష్టపరిహారమైనా రాబడదామని అవతలివాళ్ళు తిరిగొచ్చారు. 1953లో అదీ చెల్లదనిపించాడు మిల్లర్. 1948 తీర్పు రాసిన ప్రధాన న్యాయమూర్తి విన్సన్ ఈసారి ఒంటరిగా ఎదురు నిలబడ్డాడు. మీరు గెలిచిన తీర్పును కూడా కాపలా కాసుకోవాల్సిందేనని నాకు నేర్పింది ఈ కేసే.

అమెరికా అంతటా ఇళ్ళ విషయంలో వివక్షను నిషేధించే చట్టం 1968లో వచ్చింది. మిల్లర్ అంతకు ముందు ఏడాదే పోయాడు. ఆయన కాపాడిన షుగర్ హిల్ మధ్య నుంచి హైవే వేశారు.

ఇక ఇక్కడి సంగతికొస్తే, మన సుప్రీంకోర్టు 2005లో ఒక పార్సీ సహకార గృహ సంఘం కేసులో, సభ్యత్వం తమవాళ్ళకే అన్న నిబంధనను నిలబెట్టింది. ఆ తీర్పు అక్షరం వదలకుండా చదవండి. ఒక సంఘం బైలాస్ మీద ముద్ర వేసే రిజిస్ట్రారు ఎవరి జీతం తింటున్నాడో కూడా ఆలోచించండి.

అలాంటి బైలాస్ కాగితం పట్టుకుని ఎవరైనా మీ దగ్గరికొస్తే నాకు ఫోన్ చేయండి. వకాలత్ మీ పేరు మీదే వేయండి, ఫైళ్ళు నేను మోస్తాను.