ఇత్తడి గుర్తులు, వెండి పతకములు
(వేల్పూరు సంఘ కూడికలో చేసిన ప్రసంగము)



మొదటి ప్రపంచ యుద్ధములో హైదరాబాదు గుర్రపు దళము జోధ్‌పూరు, మైసూరు దళములతో కలిసి పాలస్తీనాకు వెళ్ళెను. ఆ మూడు దళముల స్మారకమే 1922లో ఢిల్లీలో నిలిపిన తీన్ మూర్తి. నాడు మన నిజామాబాదు నిజాము రాజ్యములోనిదే. కావున ఆ యుద్ధపు గుర్తులు మన యిండ్ల పాత పెట్టెలలోను ఉండవచ్చును.

ఇవి ముఖ్యముగా రెండు విధములు. పేల్చిన ఫిరంగి గుండ్ల ఇత్తడి తొడుగులను సుత్తితో కొట్టి, నగిషీ చెక్కి చేసిన పూలపాత్రలు ఒకటి. వాటిని చూచినప్పుడు యెషయా గ్రంథము 2వ అధ్యాయము జ్ఞాపకము వచ్చును. రెండవది పతకములు. నాటి బ్రిటిషు యుద్ధ పతకము సైనికులకు వెండితో, కూలి దళములలో పలువురికి కంచుతో చేసి యిచ్చిరి. దాని అంచున పొందినవాని పేరు, దళము అచ్చువేసి యుండును.

పాత సామానులు కొనువాడు తూకము చూచును గాని అంచు చదువడు. కరగించిన పిమ్మట ఆ పేరు మరల దొరకదు. కాబట్టి అమ్మకముందే భూతద్దముతో చదివించుడి. చింతపండుతో తోమకుడి, అక్షరములు అరిగిపోవును. ఎవరిదో, ఎట్లు వచ్చినదో పెద్దలనడిగి కాగితముపై వ్రాసి దానితో ఉంచుడి. పేలని గుండు కనబడినచో ముట్టక పోలీసులకు తెలుపుడి.

మనలను పేరు పెట్టి పిలుచు కాపరిని నమ్మిన మనము, ఒక మనుష్యుని పేరును తూకమునకు అమ్మకుందుము గాక.